టార్చి ఎలా ఆరిపోతుందో చూసి కొనండి

హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో రెండొందల చిల్లర పెట్టి కొన్న టార్చి డబ్బా మీద 50,000 ల్యూమెన్లు అని అచ్చేసి ఉంది. ల్యూమెనంటే దీపం ఇచ్చే మొత్తం వెలుగుకి కొలత. టార్చి చూస్తే చూపుడు వేలి కంటే కాస్త పొడవు, అంతే. అందులో పట్టేది ఒకే ఒక్క పెన్సిల్ సెల్లు. మన ఇళ్ళలో వాడే తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇచ్చేది సుమారు 900 ల్యూమెన్లు. పాత కార్ల హెడ్‌లైట్లలో ఉండే హెచ్‌4 హాలోజన్ బల్బు డిమ్‌లో వెయ్యి, బ్రైట్‌లో 1650. డబ్బా మాట నమ్మితే పాతిక కార్ల డిమ్‌లైట్లు నా చొక్కా జేబులో ఉన్నట్టు లెక్క.

"గవన్నీ డబ్బ మీద రాతలన్నా, నువ్వు లైటు జూస్కో" అని షాపతను స్విచ్చి నొక్కి ఎదురు షాపు షట్టరు మీదకి కొట్టాడు. పట్టపగలే తెల్లటి గుండ్రం కనబడింది. మూతి దగ్గరి గొట్టం ముందుకు లాగితే గుండ్రం కాస్తా చిన్న చదరమై ఇంకా మెరిసింది. పక్కన నిలబడ్డవాళ్ళు కూడా చెరొకటి తీసుకున్నారు. గ్యారంటీ సంగతి అడిగితే "పోయిందాక వాడుకోవుడే" అన్నాడు.

పోయేదాకా సరే, ఎలా పోతుంది? చవక టార్చి గురించి అడగాల్సిన ప్రశ్న నాకు తెలిసి ఇదొక్కటే. మనం కొనేది షాపులో, కొత్త సెల్లుతో, మొదటి నిమిషం వెలుగు చూసి. వాడేది మాత్రం సెల్లు సగం అయిపోయాక, స్విచ్చి వదులయ్యాక, నెలల తరబడి బీరువా మీద దుమ్ములో పడున్నాక. మొదటి నిమిషంలో అన్ని టార్చిలూ మంచివే. తేడా చివరి గంటలో బయటపడుతుంది.

ముందు ఆ 50,000 సంగతి తేల్చేస్తాను. ఈ లెక్క ఒకసారి చేతికొస్తే ఏ డబ్బా అయినా చదివేయొచ్చు. మంచి ఎల్‌ఈడీ ఒక వాటుకి 100 నుంచి 150 ల్యూమెన్లిస్తుంది. 50,000 రావాలంటే మూడొందల ముప్పై నుంచి అయిదొందల వాట్లు కావాలి, అంటే ఇస్త్రీపెట్టె లాగే కరెంటులో సగం. అంత వేడి ఇంత గొట్టంలో పుడితే పట్టుకున్న చేయి మిగలదు. అసలు అంత కరెంటు ఇవ్వగలిగిన పెన్సిల్ సెల్లు భూమ్మీద లేదు. రీచార్జ్ అయ్యే మామూలు నికెల్ సెల్లులో 1.2 వోల్టుల దగ్గర 2000 మిల్లీ ఆంపియర్-గంటలుంటాయి, అంటే 2.4 వాట్-గంటలు. టార్చి లోపలి సర్క్యూటు అందులో ఓ ఇరవై శాతం తినేస్తుంది. మిగిలింది వాటుకి వంద చొప్పున వెలుగైతే, మొత్తం కలిపి 190 ల్యూమెన్-గంటలు. ఆ సెల్లు ఆస్తి అంతా అదే. వంద ల్యూమెన్ల చొప్పున ఖర్చు పెడితే రెండు గంటల లోపే ఖాళీ. ఇరవై చొప్పున వాడుకుంటే తొమ్మిది గంటలొస్తుంది. ఎవడు ఏ డబ్బా మీద ఏం రాసినా ఈ లెక్క దాటి పోలేడు.

లిథియం సెల్లుల మీదా ఇదే వేషం. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవుండే 18650 సెల్లు మీద 9900 మిల్లీ ఆంపియర్-గంటలని రాసి అమ్ముతుంటారు. పేరున్న కంపెనీల మంచి సెల్లులే ఎన్నో ఏళ్ళుగా మూడున్నర వేల దగ్గర తచ్చాడుతున్నాయి, నాలుగు వేలు దాటడం గగనం. 9900 అని కనబడిందంటే లోపల వెయ్యి ఉందో లేదో కూడా అనుమానించాల్సిందే. చేతిలో పెట్టుకుని బరువు చూడండి. అసలైన 18650 సుమారు నలభై అయిదు గ్రాములుంటుంది.

ఇక కన్ను. వెలుగు రెండింతలైతే కంటికి రెండింతలుగా తోచదు. అలా తోచాలంటే సుమారు నాలుగింతలు కావాలి. దీన్నే తిరగేయండి. వంద ల్యూమెన్లని పాతికకి దించితే కంటికి సగమే తగ్గినట్టుంటుంది, సెల్లు మాత్రం నాలుగింతల సేపు వస్తుంది. నన్నడిగితే టార్చిలో అన్నిటికంటే విలువైన భాగం తక్కువ వెలుగు మోడ్. డబ్బా మీద దాని గురించి ఒక్క ముక్క ఉండదు.

మా నాన్న తరం వాడిన రెండు సెల్లుల టార్చి చాలా ఇళ్ళలో అటక మీద ఇంకా ఉండే ఉంటుంది. నికెల్ పూత గొట్టం, వెనక మూతలో స్పేర్ బల్బు. ఆ బల్బు ఇచ్చింది పది ల్యూమెన్లకి అటూ ఇటూ. మూడు సెల్లులదైతే ఇరవై. ఆ వెలుగుతోనే రాత్రిళ్ళు మళ్ళకి నీళ్ళు కట్టారు, చేలో కావలి కాశారు, కానుపులకి బండి కట్టుకుని పక్క ఊరికి పోయారు. సెల్లులు నీరసిస్తే పొద్దున్నే అరుగు మీద ఎండలో పెట్టేవాళ్ళు. వేడికి లోపలి రసాయన చర్య కాస్త చురుకెక్కి ఇంకో రాత్రికి పనికొచ్చేది. కొందరు రాయితో నాలుగు దెబ్బలు కూడా వేసేవాళ్ళు. అది మాత్రం చేయకండి, కారుతుంది.

అయితే "ఆ పది ల్యూమెన్లతో వాళ్ళు సర్దుకోలేదా" అనే మాట నేనొప్పుకోను. అప్పుడా కళ్ళకి పాతికేళ్ళు, ఇప్పుడు డెబ్భై. వయసు మీదపడ్డాక చీకట్లో కంటిపాప పూర్తిగా విచ్చుకోదు, లోపలి కటకం పసుపెక్కుతుంది. అదే వస్తువు చూడటానికి మనకంటే వాళ్ళకి ఎక్కువ వెలుగు కావాలి. నా అంచనా ప్రకారం ఇంట్లో తిరగడానికి ఇరవై ముప్పై, బయట గట్టు మీదకి ఎనభై నుంచి వంద. పెన్సిల్ సెల్లు మోయగలిగింది కూడా అంతే.

ఇప్పుడు పరీక్ష. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, తెల్ల టైల్సున్న బాత్రూము చాలు. రాత్రి పూట టార్చిని స్టీలు గ్లాసులో నిలబెట్టి సీలింగు వైపు కొట్టించాను. ఫోనులో వెలుగు కొలిచే యాప్ వేసి సింకు గట్టు మీద పెట్టాను. ఫోను చూపించే లక్స్ అంకె, అంటే ఒక చోట పడే వెలుగు కొలత, నిఖార్సైందేమీ కాదు. కానీ అదే గది, అదే ఫోను, అదే చోటు అయినప్పుడు ఎంత తగ్గింది అన్నది బాగానే తెలుస్తుంది. మారింది సెల్లు ఒక్కటే. ఒకసారి కిరాణా కొట్లో పది పదిహేనుకి దొరికే మామూలు జింక్ సెల్లు, ఒకసారి దానికి రెండు మూడింతల ధర పెట్టి కొన్న ఆల్కలైన్, ఒకసారి రీచార్జబుల్ నికెల్ సెల్లు.

జింక్ సెల్లు మొదట బాగానే వెలిగింది. బకెట్టు నింపుకునే లోపే నీరసం మొదలైంది. దాని లోపలి నిరోధం ఎక్కువ. ఎల్‌ఈడీ టార్చి ఫుల్లు మీద లాగే కరెంటుకి వోల్టేజి కూలబడుతుంది. ఆపి కాసేపు పక్కన పెడితే మళ్ళీ కోలుకుంటుంది, మళ్ళీ కూలుతుంది. గోడ గడియారానికీ, రిమోటుకీ పుట్టిన సెల్లు అది. తక్కువ మోడ్‌లో పెట్టి, అప్పుడప్పుడు వాడితే మాత్రం దాన్ని తీసిపారేయనక్కర్లేదు.

ఆల్కలైన్ అందరికంటే ఎక్కువ వెలుగుతో మొదలై, మెట్లు దిగుతున్నట్టు కాకుండా ఏటవాలుగా, నిమ్మళంగా తగ్గుతూ పోయింది. ఇంకో పని చేసుకుని వచ్చి చూస్తే సగం. భోజనం చేసి వచ్చి చూస్తే ఇంకా వెలుగుతూనే ఉంది, చాలా తక్కువగా. నికెల్ సెల్లు గంటకు పైగా అంకె కదలనివ్వలేదు. తర్వాత నేను చూస్తుండగానే కొద్ది నిమిషాల్లో పూర్తిగా కూలిపోయింది.

టార్చిల మీద ఇష్టంతో కొని దాచుకునేవాళ్ళు ఈ మూడో సెల్లు తీరునే మెచ్చుకుంటారు. చివరిదాకా ఒకే వెలుగు, అదే మంచి సర్క్యూటు లక్షణం అంటారు. వాళ్ళ లెక్కలో ఆల్కలైన్ ఏటవాలు దరిద్రం. పైగా ఇక్కడ ఇంకో మెలిక ఉంది. టార్చిల కొలతలకి అమెరికాలో 2009లో ఎఫ్ఎల్1 అనే ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం టార్చి వెలిగించిన ముప్పై సెకన్ల తర్వాతి వెలుగు ఎంతుందో చూస్తారు, అది పదో వంతుకి పడిపోయేదాకా పట్టిన సమయమంతా రన్‌టైమే. వందతో మొదలైన టార్చి పదికి దిగేదాకా "వెలిగినట్టే" లెక్క. ఎనిమిది గంటలు అని రాసి ఉంటే అందులో మొదటి గంట టార్చి, మిగతాది తోక అయి ఉండొచ్చు. దూరం కొలత కూడా ఇలాంటిదే. వెలుగు పావు లక్స్‌కి పలచబడే చోటు దాకా దూరం కింద లెక్కేస్తారు, అంటే నిండు పున్నమి వెన్నెల ఎంతో అంత. వంద మీటర్ల టార్చి అంటే వంద మీటర్ల అవతల వెన్నెల పడుతుందని అర్థం, అక్కడ సూది దొరుకుతుందని కాదు.

ఆ తోకని మోసం అని కొట్టిపారేసేవాళ్ళతో నాకు పేచీ. ఆ తోక విలువ ఎంత? పది ల్యూమెన్లు. పది ల్యూమెన్లంటే మా నాన్న చేతిలోని పూర్తి టార్చి! ఒక తరం మొత్తం నడిచిన వెలుగుని ఇప్పుడు చచ్చిన సెల్లు అంటున్నాం. సగం దూరంలో ఉండగా వెలుగు తగ్గుతూ వస్తే మనిషి తిరిగి ఇంటి దారి పడతాడు. ఒకే వెలుగుతో నడిచి ఉన్నట్టుండి ఆరిపోతే నడిగట్టు మీద నిలబడిపోతాడు. ఖరీదైన టార్చిల్లో సెల్లు అయిపోతోందని ముందే మినుకుమని చెప్పే ఏర్పాటుంటుంది, మెట్టు మెట్టుగా తగ్గే సర్క్యూటుంటుంది. రెండొందల టార్చిలో అవేవీ ఉండవు. అందులో హెచ్చరిక అంటూ ఉంటే అది సెల్లు నీరసమే.

ఇదంతా నగరంలో కూర్చుని అతిగా ఆలోచించడంలా అనిపించొచ్చు. పల్లెలో కాదు. ఉమ్మడి రాష్ట్రంలో పొలాలకి త్రీఫేజు కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చేది, మోటారు వేయడానికి రైతు ఆ వేళకే లేచి పోవాల్సి వచ్చేది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు అన్నారు, ఆంధ్రలో పగటి పూట తొమ్మిది గంటలు అన్నారు. రాత్రి నడకలు తగ్గాయి కానీ పోలేదు. నీళ్ళ వంతు రాత్రి రావచ్చు, పందులు చేలో పడొచ్చు, గేదె ఈనొచ్చు. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్ళు సుమారు 12 లక్షలని, ఏడాదికి సగటున 58 వేలని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా కట్టింది. చావులు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశం మొత్తం చావుల్లో సగం వానాకాలంలోనే. వానాకాలం రాత్రి మంచం దిగేముందు కింద ఒకసారి వెలుగు కొట్టి చూసుకోవడానికి 50,000 ల్యూమెన్లు అక్కర్లేదు. దిండు పక్కన ఉండి, నొక్కగానే వెలిగితే చాలు.

పాముల మాటొచ్చింది కాబట్టి రంగు గురించి కూడా చెప్పాలి. నీలం ఎల్‌ఈడీ సాధ్యమయ్యాకే తెల్ల ఎల్‌ఈడీ పుట్టింది. ఆ నీలం కోసమే అకసాకి, అమానో, నకమురాలకి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఈ టార్చిలో ఉన్నది కూడా నీలం చిప్పు, దాని మీద పసుపు పూత, రెండూ కలిసి మన కంటికి తెలుపు. చవక చిప్పులో ఆ కలయిక సరిగా కుదరదు. గోడ మీద కొట్టి చూస్తే మధ్యలో నీలి ఛాయ, అంచున పసుపు వలయం. మూతి పూర్తిగా లాగితే గోడ మీద పడే చదరం ఆ చిప్పు బొమ్మే, దాని మీది సన్నటి తీగ గీతలు కూడా కనబడతాయి. ఎరుపు ఈ వెలుగులో బాగా తక్కువ. అమ్మ కుంకుమ భరిణె తెరిచి కొడితే ఎరుపు చచ్చి గోధుమరంగుకి తిరిగింది. రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పడానికి సీఆర్‌ఐ అనే కొలత ఉంది. ఫిలమెంటు బల్బుకి దాదాపు వందకి వంద. మంచి టార్చిల్లో 90 పైన ఉంటుంది, చవక డబ్బాల మీద ఆ ఊసే రాదు.

కట్లపాము నల్లగా మెరుస్తూ తెల్ల పట్టీలతో ఉంటుంది, ఏ దిక్కుమాలిన వెలుగులోనైనా దొరికిపోతుంది. రక్తపింజరి సంగతి వేరు. గోధుమరంగు ఒళ్ళు, ఇంకాస్త ముదురు గోధుమ మచ్చలు, పడుకునేది ఎండుటాకుల్లో. గోధుమరంగుల మధ్య తేడా చూపించలేని నీలి వెలుగు అక్కడ సగం గుడ్డిదే. ఈ ధరలో సీఆర్‌ఐ దొరకదు, కానీ షాపులో నాలుగు టార్చిలు పక్కపక్కన కొట్టి చూస్తే కాస్త పసుపుగా ఉన్నది ఒకటి దొరుకుతుంది. దాన్ని తీసుకోండి. షాపతను తెల్లగా ఉన్నదే మంచిదంటాడు, అననివ్వండి.

ఈ టార్చి అచ్చంగా చెడిపోయింది ఒకే చోట, మోడ్‌ల దగ్గర. ఎక్కువ, తక్కువ, ఆగకుండా మినుకుమనే స్ట్రోబు అని మూడున్నాయి. ఆపి మళ్ళీ వేసిన ప్రతిసారీ తర్వాతి మోడ్‌లోకి పోతుంది. ఇందాక తక్కువలో వాడి ఆపారా, ఇప్పుడు నొక్కితే స్ట్రోబు. ఊళ్ళో అమ్మ చేతికిచ్చాను. కరెంటు పోయినప్పుడు వంటింట్లోకి వెళ్ళి నొక్కింది, గిన్నెలు, గోడలు, అమ్మ మొహం అన్నీ టపటపా వెలిగి ఆరుతున్నాయి. "ఏవిట్రా ఇది, రికార్డింగ్ డాన్సు లైట్లలా కొట్టుకుంటోంది! కళ్ళు తిరుగుతున్నాయి, ఆపు" అంది. ఎలా ఆపాలో చెప్పాను. సగం నొక్కి వదిలితే మోడ్ మారుతుంది, పూర్తిగా నొక్కితే ఆరుతుంది. "సగం నొక్కడమేవిటి?" అంది. తప్పేముంది? ఫ్యాను స్విచ్చి ఎవరైనా సగం నొక్కుతారా?

ఆ తర్వాత ఆ టార్చిని అమ్మ ముట్టుకోలేదు. సెల్లు బాగుంది, చిప్పు బాగుంది, టార్చి మాత్రం పోయినట్టే. చవక టార్చిల చావుల్లో ఇదే ఎక్కువని నా నమ్మకం, ఏ ప్రమాణమూ దీన్ని కొలవదు. స్ట్రోబు ఎవరికోసం పెడతారో నాకిప్పటికీ అంతుపట్టదు. ఆత్మరక్షణకి అని రాస్తారు. మూర్ఛ ఉన్నవాళ్ళలో కొందరికి అలాంటి మినుకులు ఫిట్సు తెప్పిస్తాయన్నది మాత్రం రాయరు. ఇదే టార్చి ఒకే మోడ్‌తో కూడా దొరుకుతుంది, అడిగితే లోపల్నుంచి తీసిస్తారు. పెద్దవాళ్ళకి అదే కొనండి. అందులో తక్కువ వెలుగు ఉండదు, నేనింతసేపు మెచ్చుకున్నది ఉండదు, ఆ నష్టం నాకు తెలుసు. నొక్కితే వెలిగి, నొక్కితే ఆరే టార్చి ముందు ఆ నష్టం చిన్నదే. తక్కువతో మొదలయ్యి, ఇంకోసారి నొక్కితే ఎక్కువయ్యే రెండు మోడ్‌ల టార్చి ఈ ధరకి ఎవరైనా చేస్తే వీధి మొత్తానికి నేనే కొనిపెడతాను.

ఫోనులో టార్చి ఉందిగా అంటారు. ఉంది, ఇంట్లో చెప్పులు వెతకడానికి బాగుంది. దాని వెలుగు చుట్టూ చెల్లాచెదురుగా పోతుంది, పది అడుగుల అవతల ఏమీ మిగలదు. అన్నిటికంటే ముందు, అది ఫోను ప్రాణం తోడుకుని వెలుగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు నీళ్ళలో ఉన్నప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. పడవ ఎక్కడికొచ్చిందో కనుక్కోవాలన్నా, పై అంతస్తులో ఉన్నామని చెప్పాలన్నా ఫోనే దిక్కు. అలాంటప్పుడు మెట్ల మీద నీళ్ళెంత వచ్చాయో చూడటానికి ఫోను చార్జింగు ఖర్చు పెట్టడం కంటే తెలివితక్కువ పని లేదు.

మరి గోడకి గుచ్చి చార్జింగు పెట్టే పెద్ద టార్చి? వెనక మడత ప్లగ్గుతో వచ్చేది, ప్రతి ఇంట్లో ఒకటి చచ్చి పడుండేది? చాలావాటి లోపల నాలుగు వోల్టుల సీసం బ్యాటరీ ఉంటుంది, స్కూటరు బ్యాటరీకి చిన్న తమ్ముడు. సీసం బ్యాటరీకి ఖాళీగా పడుండటం విషం. వాడేసి మర్చిపోయి నెలల తర్వాత తీస్తే లోపలి పలకల మీద సల్ఫేటు గడ్డకట్టి మళ్ళీ చార్జింగు ఎక్కదు. అవసరం పడ్డప్పుడే తీసే వస్తువులో, వాడకుండా ఉంచితే చచ్చే బ్యాటరీ పెట్టడం! ఇంకొక జాగ్రత్త. వీటిలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మరు ఉండదు, కెపాసిటరు ఒకటి అడ్డం పెట్టి సరాసరి గోడ కరెంటుతోనే చార్జింగు ఎక్కిస్తారు. ప్లగ్గులో ఉండగా విప్పినా, పగిలిన చోట వేలు పెట్టినా షాకే. కొత్తగా వచ్చే టైప్-సి టార్చిలు దీనికంటే నయం. కాకపోతే కొన్నిట్లో రెండు చిన్న రెసిస్టర్లు పెట్టకుండా ఆ ఖర్చు మిగుల్చుకోవడం వల్ల రెండు చివరలా టైప్-సి ఉన్న వైరుతో చార్జింగు ఎక్కవు, పాత వెడల్పు పిన్ను వైరే కావాలి. టార్చి పాడైందనుకుని పారేసే ముందు వైరు మార్చి చూడండి. లోపలి బ్యాటరీ అతికించినదైతే దాని ఆయుష్షే టార్చి ఆయుష్షు.

పెన్సిల్ సెల్లు టార్చి గొప్పతనమంతా ఇక్కడే. సెల్లు చస్తే కిరాణా కొట్టుకి పోయి ఇంకోటి తెచ్చుకోవడమే. నేను నికెల్ సెల్లులు వాడతాను. 2005లో సాన్యో కంపెనీ ఎనెలూప్ అనే సెల్లులు తెచ్చాక ఊరికే పడున్నా చార్జి అంత త్వరగా పోగొట్టుకోని రకం మొదలైంది. ఒక జత సెల్లులూ చార్జరూ కలిపితే టార్చి కంటే ఎక్కువవుతుంది, నవ్వొచ్చినా నిజం. వాటితో వాడేటప్పుడు జేబులో ఇంకో సెల్లు ఉండాల్సిందే, ఎలా కూలిపోతాయో చెప్పాను కదా. ఊళ్ళో నాన్నకి మాత్రం ఆల్కలైన్ వేసిచ్చాను. దాని జబ్బు వేరు. టార్చిలోనే వదిలేస్తే ఏదో ఒక రోజు కారుతుంది, తెల్లటి ఉప్పు పేరుకుని మూత మరలు పట్టేస్తాయి. కారేది పొటాషియం హైడ్రాక్సైడు, క్షారం కాబట్టి నిమ్మరసంలో ముంచిన దూదితో తుడిస్తే కరుగుతుంది. చేతికి తగలనివ్వకండి. వాడని నెలల్లో సెల్లు బయటికి తీసి టార్చికి రబ్బరు బ్యాండుతో కట్టి పెట్టడం అన్నిటికంటే మేలు.

ఇదే టార్చిలో 14500 అనే లిథియం సెల్లు వేస్తే వెలుగు రెట్టింపవుతుందని వీడియోల్లో చూపిస్తారు. అవుతుంది, గొట్టం కూడా కాలుతుంది. ఆ సెల్లు అచ్చం పెన్సిల్ సెల్లు సైజులో ఉంటుంది, వోల్టేజి మాత్రం 3.7, నిండుగా ఉంటే 4.2. పిల్లలు తీసి గడియారంలోనో బొమ్మలోనో వేస్తే అది మాడుతుంది. సెల్లు ఖాళీ అయ్యాక ఆపే ఏర్పాటు ఈ టార్చిలో లేదు, అడుగంటా పిండేసిన లిథియం సెల్లుని మళ్ళీ చార్జింగు పెట్టడం ప్రమాదం. అందుకే మా ఇంట్లోకి రానివ్వను.

నీళ్ళు, దెబ్బలు త్వరగా చెప్పేస్తాను. కుళాయి కింద పట్టాను, ఏమీ కాలేదు. నడుమెత్తు నుంచి గచ్చు మీద పడింది, మూతి దగ్గర రంగు లేచింది, వెలుగు పోలేదు. బకెట్లో ముంచలేదు. లాగే మూతి ఉన్న టార్చిలోకి నీళ్ళు పోతాయని ముంచకుండానే తెలుసు.

చివరికి అది నిజంగా మొరాయించింది స్విచ్చి దగ్గర. కదిలిస్తే వెలుగు, వదిలితే చీకటి, అరచేత్తో కొడితే మళ్ళీ వెలుగు. ఈ దశలోనే చాలామంది చెత్తబుట్టలో వేస్తారు. వెనక మూత విప్పి లోపలికి చూడండి. స్ప్రింగు చుట్టూ ఒక గుండ్రటి బిళ్ళ, దానికి ఎదురెదురుగా రెండు చిల్లులు కనబడతాయి. సెల్లు అడుగు నుంచి కరెంటు స్ప్రింగులోకి, అక్కణ్ణుంచి స్విచ్చిలోకి, స్విచ్చి నుంచి ఈ బిళ్ళ మీదుగా గొట్టానికి ఎక్కుతుంది. వాడగా వాడగా బిళ్ళ మర వదులవుతుంది, దారి తెగుతుంది. కత్తెర రెండు మొనలూ ఆ చిల్లుల్లో పెట్టి గడియారం ముల్లు తిరిగే వైపు బిగించాను. గొట్టం చివర రంగు లేకుండా వెండిలా మెరిసే అంచుంటుంది, కరెంటు పోయే దారి అదే. దాని మీద నల్లటి అల్యూమినియం పొడి పేరుకుని ఉంటే పొడిగుడ్డతో తుడిచేశాను. వెలుగు నిలబడింది. స్ట్రోబు కూడా ఎక్కడికీ పోలేదు.